వట్టివేళ్ల తడిక కట్టిన కారు

ఆ శనివారం ఉదయం పురుషోత్తం ధోటే వేసుకున్న పథకం చిన్నదే. కారు ఏసీ బాగు చేయించాలి. ఆదివారం తెల్లవారుజామున వర్ధా వెళ్లి మామగారిని ఎక్కించుకుని నాగపూర్ తీసుకురావాలి. సోమవారం ఆయన కంటికి ఆపరేషన్. ఎనభై నాలుగేళ్ల మనిషిని మే నెల ఎండలో చల్లదనం లేకుండా కదిలించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇబ్బందల్లా ఒకటే. మామగారు మారోతరావు భోయర్ అల్లుడితో మాట్లాడి పదకొండేళ్లయింది. అప్పుడు అధికమాసానికి అల్లుణ్ణి పిలిచి, ఆచారం ప్రకారం అరిసెల్లాంటి అనరసాలు ముప్ఫై మూడు పళ్లెంలో పెట్టి ఇచ్చారు. పురుషోత్తం ఒకటి కొరికి, "పన్ను కదిలిందండీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ చలికాలంలో అత్తగారు పోయింది. ఆవిడ చేతి చివరి అనరసాలకు వంక పెట్టినవాడితో మాటలేమిటని మారోతరావు నోరు కట్టేసుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తున్నది పురుషోత్తం భార్య వత్సల. తండ్రి ఉండగానే వీళ్లిద్దరూ ముఖాముఖి నాలుగు మాటలు మాట్లాడుకుంటే చూడాలన్నది ఆమె కోరిక. ఇంకెన్నాళ్లు సమయం ఉంటుందోనన్నది ఆమె దిగులు.

మెకానిక్ షరీఫ్ భాయ్ కారు ముందు భాగం విప్పి, సబ్బు నురగ పూసి చూశాడు. ఒకచోట బుడగలు లేచాయి.

"రాయి తగిలింది గురూజీ. ఏసీ రేడియేటర్‌కి చిల్లు పడింది. దీని వెనకాలే ఇంజను రేడియేటర్ ఉంది, అదృష్టం, దానికి తగల్లేదు."

కొత్తది బిగించి, గ్యాస్ నింపి, "ముందు సన్నటి ఇనప జాలీ వేస్తాను. మళ్లీ రాళ్లు తగలవు" అన్నాడు.

"అది నేను చూసుకుంటాలే" అన్నాడు పురుషోత్తం. ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగు నేర్పినవాడు. చేతిపనిలో ఎవరి సాయమూ అడగడు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో కూలర్‌కు మార్చగా మిగిలిన కొత్త వట్టివేళ్ల తడిక కనిపించింది. నాగపూర్‌లో పుట్టి పెరిగినవాడికి చల్లదనం అంటే తడిసిన తడికే. పురుషోత్తానికి ఒకేసారి రెండు సంగతులు తోచాయి. తడికలోంచి రాయి దూరదు. తడిపితే లోపలికి పోయే గాలి చల్లబడుతుంది. వెంటనే తడికను కారు మూతికి అడ్డంగా పెట్టి తీగలతో కట్టేశాడు. పక్కింటి గజానన్ కాక్డే చూసి ముగ్ధుడైపోయాడు.

"ఇంత చిన్న విషయం కార్లు చేసేవాళ్లకి తట్టలేదు చూశావా గురూజీ" అంటూ తమ ఇంట్లోని, నీళ్లు వేడెక్కని తాగునీళ్ల డబ్బా నింపి తెచ్చి కారు పైన కట్టి, దాని కుళాయికి గొట్టం తగిలించి తడిక మీదికి వదిలాడు.

"ఏమండీ, షరీఫ్ భాయ్‌ని ఒకమాట అడిగితే?" అంది వత్సల.

"అతనికి ఇంజను తెలుసు. నాకు కూలర్ తెలుసు" అన్నాడు పురుషోత్తం.

ఆదివారం తెల్లవారుజామున భార్యతో వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. తిరుగు ప్రయాణం పదకొండింటికి మొదలైంది. రెండు కళ్లలోనూ శుక్లాలున్న మారోతరావు కారు ముందేముందో చూడలేదు. వెనక సీట్లో కూర్చుని గాలి పీల్చాడు.

"అమ్మాయ్, కారులో కూలర్ వాసన వస్తోందేమిటో మీ ఆయన్ని అడుగు."

"చల్లదనం కోసమని చెప్పు మీ నాన్నగారికి."

బయల్దేరేముందు తడిపిన తడిక సేలూ అనే ఊరు దాటేసరికి ఎండిపోయింది. ఇంజను వేడి చూపించే ముల్లు పైకి పాకింది. ఏసీ గాలి వెచ్చబడింది. మారోతరావు నలభై ఏళ్లు రైలింజను నడిపిన మనిషి. చెవి పెట్టి విన్నాడు.

"ఇంజనుకి ఊపిరాడట్లేదని చెప్పు."

"ఇది రైలు కాదని చెప్పు."

వత్సల రెండూ చేరవేసింది. తండ్రి నుదుటి మీద చెమట చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ముల్లు ఎర్రగీత దాటాక పురుషోత్తం ఒక బస్టాపు దగ్గర వేపచెట్టు కింద కారు ఆపి, తడిక తడపడానికి కుళాయి తిప్పాడు.

అప్పుడే బస్సు దిగిన జనం చూశారు. వట్టివేళ్ల తడిక, పైన నీళ్ల డబ్బా, కుళాయి, చెట్టు నీడ. ఆ ఎండలో అది చలివేంద్రం కాక ఇంకేమవుతుంది? క్షణంలో వరస కట్టారు.

"ఇది చలివేంద్రం కాదండీ" అనబోయాడు పురుషోత్తం. మొదట నిలబడ్డ ముసలావిడ అప్పటికే దోసిలి పట్టింది. మే నెలలో దాహమన్నవాళ్లకి లేదని చెప్పడం ఆ వైపు పుట్టినవాడెవడివల్లా కాదు. గొట్టం ఊడదీసి, కారులోంచి గ్లాసు తీసి నీళ్లు పోశాడు. వరస పెరుగుతూనే ఉంది.

సందడి విని మారోతరావు కూతురి చెయ్యి పట్టుకుని దిగాడు. ముసలావిడ మూతి తుడుచుకుని పురుషోత్తాన్ని అడిగింది.

"చల్లగా ఉన్నాయి బాబూ. ఎవరి పేరున పెట్టావు?"

చలివేంద్రం చనిపోయినవాళ్ల పేరున పెడతారు. పురుషోత్తం తడబడ్డాడు. నోటికొచ్చిన మాట అనేశాడు.

"మా అత్తగారి పేరున."

మారోతరావు తడుముకుంటూ వచ్చి అల్లుడి చేతిలో గ్లాసు తీసుకుని, చివర నిలబడ్డ మనిషి దాకా తనే నీళ్లు అందించాడు. డబ్బా ఖాళీ అయింది.

"అల్లుడుగారూ" అన్నాడు.

"చెప్పండి మామగారూ."

"ఆ అనరసాలు గట్టిగానే వచ్చాయి. పాకం ముదిరిందని ఆవిడే చెప్పింది నాకు. అది నీ నోట వినడం కష్టమైంది, అంతే."

వత్సల కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆసరా కోసం మారోతరావు కారు మూతి మీద చెయ్యి వేశాడు. వేళ్లకు తడిక తగిలింది. అటూ ఇటూ తడిమాడు.

"ఇది ఇక్కడెందుకుంది?"

"రేడియేటర్లకి రాళ్లు తగలకుండా అండీ. చల్లదనం కూడా..."

"గాలి వచ్చే దారి మూసేశావా? ముక్కు నొక్కి పరుగెత్తమంటే మనిషైనా పరుగెత్తుతాడా? విప్పు ముందు. బానెట్ ఎత్తు. రేడియేటర్ మూత ముట్టుకోకు, మొహం కాలుతుంది."

తడిక విప్పి, ముప్పావుగంట ఆగి బయల్దేరితే ముల్లు దిగింది. ఏసీ చల్లగా వీచింది. మారోతరావు ఇప్పుడు ముందు సీట్లో కూర్చున్నాడు. లారీల వెనకాల దగ్గరగా పోవద్దన్నాడు, రాళ్లు ఎగురుతాయట. గేరు మార్చడం తప్పన్నాడు. పిల్లల పెంపకం దగ్గర్నుంచి మీసకట్టు దాకా పదకొండేళ్లు దాచుకున్నవన్నీ ఒక్కొక్కటిగా తీశాడు. నాగపూర్ ముందొచ్చే బుటీబోరీ దాటినా అవి అయిపోలేదు.

నాగపూర్ పొలిమేరలో కారు ఆగినప్పుడు పురుషోత్తం వెనక్కి వంగి భార్యతో గుసగుసగా అన్నాడు.

"ఇకమీదట నాతో ఏమైనా అనాలంటే నీ ద్వారానే అనమని మీ నాన్నగారికి చెప్పు."

పదకొండేళ్లలో వత్సల చేరవేయకుండా ఊరుకున్న కబురు అదొక్కటే.