బండ్లు లేని ఊరు

ఇన్‌స్పెక్టరుగారు వచ్చేలోగా పిల్లల చేత గోడపత్రిక వేయించి తీరాలని అమరేశ్వరరావు మేష్టారు పొద్దున్నే చద్దన్నం తింటూ నిశ్చయించుకున్నారు. తనిఖీ మర్నాడే. ఆయన మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ మామగారి అరుగెక్కి, మామగారి కాఫీ తాగుతూ, మామగారి దెప్పుళ్లు వినాలి. ఆ కాఫీ తలుచుకుంటేనే మేష్టారి ప్రాణం ఉసూరుమంది.

రాజుపాలేనికి మూడు మైళ్ల లోపల ఉన్న ఆ ఊళ్లో, వ్యాసమంటే పుస్తకంలోది దించడమేనని పిల్లల నమ్మకం. మేష్టారు కొత్త పద్ధతి పెట్టారు.

"మన ఊరి ఎడ్లబండ్ల మీద రాయండర్రా. ఇంటింటికీ పోయి అడగండి. రాసింది పట్టుకుని మళ్లీ పోయి అడగండి. కళ్లారా చూసి, తప్పులు దిద్ది, అప్పుడు గోడకెక్కించండి!"

తరగతిలో చురుకైన ముంతాజ్ అందరికంటే ముందు నాగేంద్రమ్మ ఇంటికి పరిగెత్తింది. ఊళ్లో మంచి బండి ఆవిడదే. మర్నాడు రాజుపాలెంలో బొగ్గుతో నడిచే బస్సు దిగే ఇన్‌స్పెక్టరుగారిని తీసుకురావలసింది కూడా ఆ బండే.

"పెద్దమ్మా, మీకు బండ్లెన్ని? ఎంత బరువు మోస్తయ్? ఎంత దూరం పోతయ్?"

"రెండున్నయ్. ఎందుకే ఇయ్యన్నీ?"

"రేపు పైనుంచి దొరగారొస్తున్నారంట. రాసి చూపించాలంట."

ముంతాజ్ చెప్పిన దాంట్లో అబద్ధం ముక్క కూడా లేదు. కొంప ముంచింది అదే. అవతల యుద్ధం జరుగుతోంది. సర్కారువాళ్లు బండ్లు పట్టుకుపోతారన్న పుకారు ఎప్పటినుంచో గాలిలో ఉంది. ముంతాజ్ సందు తిరిగిందో లేదో నాగేంద్రమ్మ పక్కింటి గోడ దగ్గర ఉంది. మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది.

సాయంత్రం పిల్లలు, మేష్టారు చెప్పినట్టే, సరిచూసుకోవడానికి మళ్లీ వెళ్లారు. అంతవరకూ అనుమానంగా ఉన్నవాళ్లకు కూడా అనుమానం తీరిపోయింది. రెండోసారి వచ్చారంటే ఇక తోలుకుపోవడమే!

"బండా? మాకెక్కడిదే బండి?" అంది నాగేంద్రమ్మ.

"పొద్దున రెండున్నయ్యన్నారుగా పెద్దమ్మా!"

"పొద్దున నాకు జొరం."

మర్నాడు ముంతాజ్ తెచ్చిన కాగితం చూసి మేష్టారు అదిరిపడ్డారు. "మా ఊళ్లో బండ్లు లేవు" అని ఉంది.

"ఇదేందే?"

"అడిగాం మేష్టారూ. మళ్లీ అడిగాం. కళ్లారా చూశాం. లేవు."

తన పాఠం తనకే అప్పజెప్పడంతో మేష్టారు కాగితం ముంతాజ్ చేతికే ఇచ్చేశారు. పంచె ఎగ్గట్టి నాగేంద్రమ్మ ఇంటికి పరిగెత్తారు. చక్రాలు పాక కప్పు మీద ఉన్నాయి, వాటి నిండా వడియాలు. బండి తొట్టి బోర్లించి ఉంది, దాని కింద కోళ్లు.

"పెద్దమ్మా, ఇది ఉత్త పాఠం! ఎవరూ ఏమీ పట్టుకుపోరు!"

"అట్టా చెప్పమన్నారా అయ్యోరూ, పైనోళ్లు?" అంది ఆవిడ జాలిగా.

ముంతాజ్ తండ్రి జాన్ సాహెబ్ బండి చక్రాలకు ఇనప కమ్ములు వేసే మనిషి. ఒక్క బండైనా బిగించి పెట్టమని మేష్టారు వెళ్లి కాళ్లావేళ్లా పడ్డారు.

"నేనేం చేసేది పంతులుగారూ? ఇరుసులు గడ్డివాముల్లో ఉన్నయ్. చక్రాలూడకుండా కొట్టే సీలలు ఎక్కడ దాచారో దాచినోళ్లకే గుర్తులేదు!"

ఇన్‌స్పెక్టరుగారు ఎండన పడి నడిచి వచ్చారు. జోళ్లు కాళ్లకు లేవు, చేతిలో ఉన్నాయి. ఆ ముఖం చూడగానే మేష్టారికి మామగారి అరుగు కళ్లకు కట్టింది. పత్రికను చించేద్దామని గోడవైపు దూకారు. కానీ పిల్లలు అప్పటికే గంజి పెట్టి మరీ అంటించారు.

ఇన్‌స్పెక్టరుగారు కుంటుతూ వెళ్లి చదివారు. "మా ఊళ్లో బండ్లు లేవు. ఉన్నాయని మొదట అన్నారు. మళ్లీ అడిగితే లేవన్నారు. మేం వెళ్లి చూశాం. లేవు." ఆయన ఒకసారి తన పాదాల బొబ్బలు చూసుకున్నారు. మళ్లీ చదివారు.

"ఏ బడికెళ్లినా మన దేశం పాడిపంటలకు నిలయమని రాస్తారయ్యా," అన్నారు గద్గదంగా. "ఇన్నేళ్ల సర్వీసులో పిల్లలు విచారించి రాసిన నిజం ఇదొక్కటే చూశాను. అక్షరం అక్షరానికీ నా కాళ్లే సాక్ష్యం! నీ ఉద్యోగం ఖాయం, పో!"

మేష్టారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇన్‌స్పెక్టరుగారు వెళుతూ వెళుతూ నాగేంద్రమ్మ ఇంటి ముందు ఆగి ముచ్చటపడ్డారు.

"ఈ ఊళ్లో కోళ్లగూళ్లు ఎంత విశాలంగా ఉన్నాయి! ఈసారి కోళ్ల మీద రాయించవయ్యా."

మేష్టారు వద్దనేలోగానే పిల్లలు ఇంటింటికీ పరిగెత్తారు. పొద్దుగూకేసరికి ఊళ్లో కోడికూర వండని ఇల్లు లేదు.