దాతల ఒళ్ళో పిల్లలు

తాను చేపల గంప ఎత్తుకుని కావలి బజారుకు పోయినప్పుడు రెండేళ్ల కూతురు వినీల ఒంటరిగా నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోతుందేమో అన్నదే మహాలక్ష్మి భయం. మిగతా భయాలన్నీ దాని తర్వాతే. జువ్వలదిన్నెలో పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటి ఉంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆమె ప్రాణం కుదురుగా ఉండేది. ఆ తర్వాత కేంద్రానికి తాళం.

ఆ ఉదయం దాతలు వస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒక ట్రస్టు చాపలిచ్చేది, ఒకటి పాలిచ్చేది, ఇంకొకటి గోడలకు రంగులేసి తన పేరు రాసుకునేది. విడివిడిగా ఇస్తే ఏమీ మారడం లేదని ఇప్పుడు మూడూ చేతులు కలిపాయి. తీరమంతటా పసిపిల్లల సంరక్షణ వ్యవస్థనే మార్చాలని వాళ్ళ ఆలోచన. సాయంత్రం దాకా కేంద్రం తెరిచి ఉంచమని అడగాలని మహాలక్ష్మి ఆలోచన.

"ముగ్గురూ ఒకటైనారంటే మూసేదానికేనే," అంది ఆయా మస్తానమ్మ.

మూడు ట్రస్టుల తరఫున జడ్సన్ గారు, అనూష, కిషోర్ వచ్చి చాప మీద కూర్చున్నారు. "మేం చెప్పడానికి రాలేదమ్మా, వినడానికే వచ్చాం," అన్నారు పెద్దాయన జడ్సన్. దాతల ముందు నోరు విప్పితే ఏం బాగుంటుందని తల్లులంతా ఊరుకున్నారు. వినేవాళ్ళు ముగ్గురు, మాట్లాడేవాళ్ళు సున్నా. ఫ్యాను ఒక్కటే తన గోడు చెప్పుకుంది.

దాతలు పలక్కుండా కూర్చున్నది కోపంతోనే అనుకుంది మహాలక్ష్మి. పండుగప్ప పులుసు పెడితే మెత్తబడతారని, వేలం అయిపోకముందే చేపను అందుకోవాలని హార్బరు వైపు పరుగు తీసింది.

ఆ ఊళ్ళో ఆడమనిషి సముద్రం వైపు పరిగెత్తితే ఎందుకని ఎవరూ అడగరు. ఏ పడవకో ఏదో అయిందని వెనకే పరిగెత్తుతారు. మస్తానమ్మ పాలగ్లాసు అనూష చేతిలో పెట్టి పరిగెత్తింది. తల్లులు పరిగెత్తారు. వాళ్ళను చూసి వీధి పరిగెత్తింది.

వేలం దగ్గర మహాలక్ష్మి వెనక్కి తిరిగితే ఊరంతా తన మీదికే వస్తోంది. ఎదురెళ్ళి మస్తానమ్మను పట్టుకుంది. "నా బిడ్డకేమైందక్కా?"

"నీ బిడ్డకేమైద్ది? నువ్వెందుకు పరిగెత్తినావో అది చెప్పు ముందు!" అని రొప్పింది మస్తానమ్మ.

"చేప కోసం!"

"చేపకా? నీ పరుగు తగలెయ్య!"

"అయితే పిల్లోళ్ళ కాడ ఎవురుండారు?"

ఊరు వెనక్కి పరిగెత్తింది.

కేంద్రం తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. పిల్లలు బయటికి పోకుండా లోపల దానికి వీపు ఆనించి కాపలా కాస్తున్న కిషోర్, గొంతులు విని తీశాడు. 'వ్యవస్థ మార్పు' అని రాసి తెచ్చిన చార్టు నేల మీద తడిసిపోయింది. "సార్, వ్యవస్థ తర్వాత, ముందు వీడి నిక్కరు మార్చాలి," అంటోంది అనూష. వినీల జడ్సన్ గారి భుజం మీద నిద్రపోతోంది. మహాలక్ష్మి గడప మీదే కూలబడి ఏడ్చేసింది.

మస్తానమ్మ చేతులు జోడించింది. "తప్పైపోయింది సార్. దీనికని మూసెయ్యబాకండి."

"మూయడమా?" జడ్సన్ గారు గుసగుసలాడారు. "సాయంత్రం దాకా తెరవాలి. ఇంకో ఆయా కూడా కావాలి."

"మూడు ట్రస్టుల పెద్దలూ ఒప్పుకోవాలి కదా సార్," అన్నాడు కిషోర్.

"వాళ్ళనీ ఇక్కడే కాసేపు కూర్చోబెడదాం. ఒప్పుకుంటారు."

అనూష, కిషోర్ కారెక్కి వెళ్ళిపోయారు. మహాలక్ష్మి తొలిసారి నిశ్చింతగా చేపలమ్మడానికి బయల్దేరింది. మీరెవరైనా అటు వెళ్తే జడ్సన్ గారిని ఒకసారి చూసి రండి. కింద పడుకోబెట్టబోయినప్పుడల్లా పాప లేస్తోందట.