బంగారానికే మోగే మెటల్ డిటెక్టర్

చర్చిలో వంగని తల మరెక్కడ వంగుతుందన్నది ఏళ్ల తరబడి నన్ను వేధించిన సందేహం. ఇంగ్లండులోని మా నార్ఫోక్ పల్లెలో ఆదివారం ప్రార్థనకు వచ్చేది పదకొండు మంది. వాళ్లలోనూ ఇద్దరు కునుకు తీస్తారు. అదే ఆదివారం హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కోతలైన చేలల్లో తల వంచుకు నడిచేవాళ్లు నలభై మంది! పాదిరిగారు ఇరవై ఏళ్లు బోధించినా జరగని పని మెటల్ డిటెక్టర్ చేసి చూపించింది. దాన్ని వరమనక ఏమనాలి?

అందుకే చెబుతున్నాను, మీరూ ఈ హాబీలో చేరండి. ఓర్పు వస్తుంది. మొదటి ఏడాదంతా బీరు డబ్బాల రింగులే దొరుకుతాయి. దురాశ పోతుంది. వినయం సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి రోజు నేను ముందు భాగంలో ఉక్కు రేకున్న బూట్లు వేసుకెళ్లాను. అడుగడుక్కీ నిధి మోగింది. పదిహేడు గోతులు తవ్వాక మా డిటెక్టర్ల క్లబ్బుకు పెద్ద అయిన క్లెమెంట్ గూచ్ వచ్చి నిలబడ్డాడు.

"ఆ బూట్లు ఏ రాజు కాలానివోయ్?"

"నావే."

"పొద్దుట్నుంచీ వాటినే తవ్వుతున్నావు. గోతులు పూడ్చి, రబ్బరువి వేసుకురా."

అన్నిటికన్నా పెద్ద వరం, ఆ మొదటి రోజు నాకింకా తెలియనిది, డిటెక్టర్ మీద ఉండే మీట. మేకులు మోగి విసిగించకుండా అది ఇనుము గొంతు నొక్కేస్తుంది. ఇక వినపడేదల్లా బంగారం, వెండి. ఇంత ఎంపిక తెలిసిన చెవిని దేవుడైనా ఇచ్చాడా?

మేం తవ్వేది ఎనిడ్ లార్టర్ గారి చక్కెర దుంపల చేను. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. యజమాని ఒప్పుకోనిదే పార దించకూడదు, దొరికినదాంట్లో సగం వాళ్లకివ్వాలి. అది మా ఆచారం. సగం నాకెందుకందావిడ.

"మా నాన్న నాగలికి కట్టే గుర్రం డ్యూక్ కాలి నాడా ఒకటి ఆ ఉత్తరం కంచె దగ్గర ఊడిపోయింది నాయనా. మర్నాడే వాణ్ణి అమ్మేశారు. అది తెచ్చిపెట్టు చాలు."

తెస్తానని మాటిచ్చింది నేనే.

నాలుగేళ్లు గడిచాయి. క్లబ్బుకు రెండు రోమన్ నాణేలు, ఒక వెండి బొత్తం దొరికాయి. "ఎంతో వెతికామండీ" అని ఏటా క్రిస్మస్‌కు ఆమె పెట్టిన కేకు తింటూ చెప్పాను. అబద్ధమెలా అవుతుంది? మోగనిదాన్ని ఎవరు మాత్రం వెతకగలరు?

ఈ మార్చిలో చేను అమ్ముడుపోయింది. కొత్త యజమాని మమ్మల్ని రానివ్వనన్నాడు. ఆఖరి శనివారం క్లెమెంట్ అందరికీ మంచి జాగాలు పంచాడు. నేను కంచె వైపు నడిచి మీట తిప్పాను.

"మతి పోయిందా? రోజంతా మేకులే మోగుతాయిరా."

"మోగనీ."

మోగాయి. మేకులు, గొలుసు ముక్కలు, నాగలి బోల్టులు. సాయంత్రానికి నా చేతులు బొబ్బలెక్కాయి. నాడా మాత్రం కంచెకు నాలుగడుగుల్లో, జానెడు లోతున ఉంది. ఈ నాలుగేళ్లూ వెండి కోసం మేం దాని మీదుగానే తిరిగాం.

ఎనిడ్ గారు మట్టి కూడా తుడవనివ్వలేదు. బొటనవేలితో ఒక అంచు తడిమి చూశారు.

"ఎడమ కాలు ఈడ్చేవాడు. చూడు, ఈ పక్కే అరిగింది."

"ఆలస్యమైందండీ."

"మూడు నాడాలతో పంపేశాం వాణ్ణి," అని ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించారు.