అద్దం అవతల మామగారు

ఆదివారం పొద్దున అద్దాలు అతికించేయాలి, మంగళవారం నీళ్ళు నింపి దొరగారిని మార్చేయాలి. అల్లుడు వేసుకున్న పథకం ఇంతే. దొరగారంటే పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పెరుగుతున్న మూరెడు చేప. పాత తొట్టె మూల నుంచి నీరు కారుతోంది. ఇంట్లో ఏ బకెట్టులోనూ ఆ చేప పట్టదు. కొత్త తొట్టె సిద్ధమయ్యేదాకా చెంబులతో నీళ్ళు పోస్తూ దాని ప్రాణం నిలబెట్టాలి.

కొత్తది గాజుదా, యాక్రిలిక్ ప్లాస్టిక్‌దా అని ఇల్లు వారం రోజులు రెండు పార్టీలైంది. "గాజైతే గీతలు పడవు, పసుపెక్కదు," అన్నాడు అల్లుడు. "యాక్రిలిక్ తేలిక. అవసరమైతే ఇద్దరు పట్టుకుని పక్కన పెట్టేయొచ్చు," అన్నారు మామగారు. చివరికి గాజే ఖాయమైంది. మామగారు కళ్ళజోడు తుడుచుకుని, "సరే అల్లుడుగారూ, ఇక ఆ తొట్టె గురించి నోరెత్తితే ఒట్టు," అన్నారు.

హాలుకీ పుస్తకాల గదికీ మధ్య తలుపు లేని వెడల్పాటి వాకిలి ఉంది. కొత్త తొట్టె అక్కడే, అడ్డుగోడలా. వంటింటి వైపు పుస్తకాల గదికి ఇంకో తలుపు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. తీరా పాత తొట్టెను దాని చక్రాల బల్లతో సహా పక్కకు నెడుతుంటే, సరిగ్గా ఆ తలుపు ముందు చక్రం ఊడి బల్ల కూలబడింది. కదిపితే కారడం ఎక్కువవుతోంది.

"పోనీలే, మంగళవారం దాకా ఆ గదిలో ఎవరికేం పని?" అన్నాడు అల్లుడు.

అద్దాలాయన మధ్యాహ్నానికి పని ముగించి, "రెండు రోజులు జిగురు ఆరాలండి. వేలు కూడా తగలకూడదు," అన్నాడు.

"నాన్న వాకింగ్ నుంచి ఇంకా రాలేదేమిటి?" అంది భార్య.

"పెద్దాయనా? పొద్దుట్నుంచీ అవతల కూర్చుని చూస్తున్నారు కదండీ. మీరే అజమాయిషీకి పెట్టారనుకున్నా."

ముగ్గురూ తిరిగి చూశారు. తళతళలాడే అద్దాల వెనక పేపరు మెల్లగా కిందికి దిగింది. మామగారు.

"ఎదురుగా గోడ కడుతుంటే ఒక్క మాట అనొచ్చుగా నాన్నా?"

"తొట్టె గురించి నోరెత్తనన్నాగా అమ్మా."

స్నానాల గది ఆ వైపే ఉండబట్టి సరిపోయింది. తొట్టె పైనున్న సందులోంచి కంచం అందించారు. కొత్త తొట్టె చూడ్డానికొచ్చిన పక్కింటావిడ, అద్దాల్లోంచి మామగారు ఆవులించడం చూసి, "బాగా పెంచుతున్నారండీ," అని మర్యాదగా వెళ్ళిపోయింది. అల్లుడు సిగ్గుతో ఆ వైపు చూడ్డం మానేశాడు.

మంగళవారం పైపు పట్టుకుని కుళాయి తిప్పబోతుండగా మామగారు వంగి, అద్దం కింది మూలకి వేలు చూపించారు. వెలుగు ఆ వైపు నుంచి పడితేనే కనిపించే సందు. గోరు దూరేంత. అక్కడ జిగురే పడలేదు.

"నోరెత్తనన్నాను. వేలెత్తనని అనలేదు," అన్నారు.

నీళ్ళు నింపి ఉంటే ఆ అతుకు విచ్చుకునేది. హాలంతా చెరువయ్యేది. దొరగారు నేలమీద కొట్టుకునేవారు. అల్లుడు పైపు వదిలేసి అద్దాలాయనకి ఫోన్ చేశాడు. అద్దాలాయన పరుగున వచ్చి మళ్ళీ జిగురు పెట్టి, నసుగుతూ, "ఇంకో రెండు రోజులండి," అన్నాడు.

"చెబితే ఇంకో రెండు రోజులు లోపలే ఉండాలని తెలుసు కదా మామయ్యగారూ?"

"తెలుసు. చేపకి వేరే తొట్టె లేదు. నాకు పేపరైనా ఉంది."

వారం రోజులూ ఈయననా తను చాదస్తుడన్నది అనిపించింది అల్లుడికి. ఆ రాత్రి కంచం తనే అందించి, ఆయన తినేదాకా అద్దం ఇవతల నేలమీద కూర్చున్నాడు.

గురువారం దొరగారు కొత్త తొట్టెలో ఈ చివర నుంచి ఆ చివరకి హుందాగా ఈదారు. పాత తొట్టెలో నీళ్ళు తోడేసి దాన్ని జరిపారు. తలుపు తెరుచుకుంది. అల్లుడు మామగారి చేతులు పట్టుకున్నాడు.

"మీరే కరెక్టు మామయ్యగారూ. యాక్రిలిక్ తీసుకోవాల్సింది."

"అబ్బే, నాలుగు రోజులు దగ్గర్నుంచి చూశాను కదా. గాజే మంచిది."

"కాదండీ, యాక్రిలిక్కే."

"గాజు అంటుంటే వినరేం?"

ఇప్పుడు ఆ ఇంట్లో ఏది బిగించాలన్నా, ముందు మామగారు ఏ గదిలో ఉన్నారో చూసుకుంటున్నారు.