తూవా నిశ్వాస విజయము

స్వస్తి! ఏప్రిల్ నెల సగము గడచినను మంచు కరగనని మొరాయించు స్వీడన్ ఉత్తరసీమయందు, విశ్వవిద్యాలయాధిపతియగు రెక్టరును ఎన్నుకొను సంఘము కొలువుదీరిన మంగళవారపు పూర్వాహ్ణమున, మూడు వారములుగా పచ్చికపై గుడారము వేసి నినదించుచున్న విద్యార్థిసేనకు ఏకైక ప్రతినిధియై, ఆ దేశపు దక్షిణసీమ సంజాత, ఉన్నిటోపీ కిరీటధారిణి, తూవా బల్లచెంత ఆసీనురాలయ్యెను. సేన కోరినది ఒక్కటే: పోటీలోనున్న ముగ్గురును గుడారమునకు వచ్చి తమ ప్రశ్నలకు బదులీయవలెను. మధ్యాహ్నమే ఓటింగు. ఇప్పుడు కాకున్న మరి లేదు.

ఎదుట ధవళశ్మశ్రుధారి, సభాసంచాలన ధురంధరుడు, అధ్యక్షుడు సిక్స్‌టెన్ ఆచార్యుడు గొంతు సవరించుకొనెను.

"ఇవాళ అరిచినవాళ్ల మాట విని రెక్టరును పెడితే, రేపు ఇంకా గట్టిగా అరిచేవాళ్లు వచ్చి దింపమంటారు. గుడారం సంగతి పక్కన పెడదాం. అంతేగా?"

ఘనగర్జన సేయనెంచి తూవా గుండెలనిండ ఊపిరి పీల్చెను. అయ్యో, దక్షిణాది పిల్ల, మరచినది! ఈ ఉత్తరసీమవారికి నోరు తెరచి అవుననుట వృథాశ్రమ. చప్పుడగునట్లు గాలి లోనికి పీల్చిన, అదియే అవును.

కార్యదర్శిని మార్గిట్ వెంటనే "విద్యార్థులు అంగీకరించిరి" అని వ్రాసెను. అది చూచి తూవా అదిరిపడి మరల ఊపిరి ఎగబీల్చెను.

"ఒకసారి చెప్తే చాలమ్మా," అని మార్గిట్ ఆప్యాయముగా పలికెను.

అంతట ఆ వీరవనిత, రోషారుణకపోలయై, బల్ల అంచు పట్టుకొని, లోనున్న గాలినెల్ల బయటికి వదలి, మిగిలిన పిడికెడు ఊపిరితో యుద్ధమునకు దిగెను.

"కాదండీ. ఎన్నుకునేది మీరే, మేం వద్దనట్లేదు. కానీ ఇంత చలిలో మూడు వారాలుగా కూర్చున్నాం. ఒక్కసారి వచ్చి మా మొహాలైనా చూడనివాళ్లని రేపు మా రెక్టరని ఎలా అనుకోమంటారు?"

వృద్ధుడు కిటికీలోనుండి గుడారమువైపు చాలసేపు చూచెను. మూడు వారములలో ఆయన అటు చూచుట అదే మొదలు.

"పావుగంట," అనెను చివరకు. "అదీ మా కాఫీ వేళలోనే. దాల్చినచెక్క బన్నులుంటాయా అక్కడ?"

ఉండునని తూవా మాట యిచ్చెను.

జయము తూవాకు! నియమావళిలో అక్షరము మారలేదు, ఓట్ల లెక్క మారలేదు. కాని మార్గిట్ "అంగీకరించిరి" అన్న మాటను అడ్డముగా కొట్టివేసి, పైన "కాదనిరి" అని వ్రాసెను; రెక్టరు కాగోరు ముగ్గురు మహనీయులును ఆనాడు బూట్లు బురదచేసుకొని, తమకన్న ముప్పదియేండ్లు చిన్నవారియెదుట నేలపై చతికిలబడి, వారు అడిగినది వినిరి.