రేవులో పది తువ్వాలలు

డీజిల్ మీద రాయితీ ఎత్తేసి సర్కారు మా గోదావరి ఒడ్డుకు చేసిన మేలు ఇంతా అంతా కాదు! ఈ మాట వింటే లాంచీ ఓనర్లు నన్ను నీళ్లలోకి తోసేస్తారని తెలుసు. తోయనివ్వండి. ఆ వంకనైనా లాంచీ దగ్గరికి చేరినట్టవుతుంది.

ముందు నా సంగతి చెప్పాలి. సొంతూరు టేకులపల్లి. భద్రాచలానికి దిగువన, అడవికీ గోదావరికీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న ఊళ్లో ఆరేళ్లుగా బడిపంతులును. మా ఊరి రోడ్డు కాగితం మీద ఉంది. లాంచీ నీళ్ల మీద ఉంది. అందుకని సంతకైనా, దవాఖానాకైనా, నా జీతానికైనా లాంచీయే దిక్కు.

పడవల డీజిల్‌కు పన్నులో కొంత రాయితీ ఉండేది. 2006 ఎండాకాలంలో అది పోయింది. ఓనర్లంతా కలిసి అర్జీ పెట్టుకుంటే ఆఫీసువారు చక్కగా జవాబిచ్చారు. రాయితీ సముద్రంలో తిరిగే పడవలకేనట, మాది నదట. నిజమే కదా! గోదావరి ఎప్పటికైనా సముద్రంలో కలిసేదే గానీ, మా ఊరి దగ్గర ఇంకా కలవలేదు. అంతదాకా ఓపిక పట్టలేకపోవడం ఓనర్ల తప్పు.

మా లాంచీ ఓనరు శివకుమార్. అతని తండ్రి కొత్తగూడెం బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరైనప్పుడు చేతికొచ్చినదంతా పెట్టి కొన్న లాంచీ అది. నడిపే సరంగు కూడా శివకుమారే.

మా రేవులో ఒక ఆచారం ఉంది. ఒడ్డున నిలబడి ఎవరు తువ్వాల ఊపినా లాంచీ నడిగోదారి నుంచి మళ్లి రావాలి. ఒక్కరున్నా సరే. తెడ్డు పడవల కాలం నుంచీ ఉన్న మర్యాద అది. రాయితీ పోయిన వారానికి శివకుమార్ రేవులో దిగి చేతులు జోడించాడు.

"ఒక్క తువ్వాలకు లాంచీ మలిపితే డీజిలుకే సాలుతలేదు సారూ. పది తువ్వాలలు కనపడితేనే వస్త. తప్పుగ అనుకోకుండ్రి."

మొదట దిగులుపడ్డాం. తర్వాత తెలిసింది, ఇది వరమని! ఇదివరకు రేవుకు రాగానే లాంచీ ఎక్కి పోయేవాళ్లం. పక్కింటివాళ్ల మొహం సరిగా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు పదిమంది పోగయ్యేదాకా కూర్చోవాలి. సోమవారం మొదలైన పొలం గెట్టు తగాదా బుధవారానికి రేవులోనే రాజీ అయింది. మా ఊరి రెడ్యా కొడుక్కి సంబంధం కూడా అక్కడే కుదిరింది, పెళ్లిచూపులకు పైసా ఖర్చు లేదు. సంతకని తెచ్చిన వంకాయలు ఒడ్డునే కూరయ్యాయి. ఇంజన్ పొగ తగ్గి చేపలు హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాయి. పర్యావరణం అంటే ఇంకేమిటండీ?

ఒకరోజు ఎంతసేపు చూసినా ముగ్గురమే అయ్యాం. అప్పుడు హేమ్లా అనే రైతుకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మనుషులు తక్కువైతే ఏంది సారూ? నా మిరపచేన్ల బొమ్మలున్నయ్ గద!"

ఏడు దిష్టిబొమ్మలు తెచ్చి రేవులో వరసగా పాతాడు. కుండ తలలు, పాత చొక్కాలు, చేతికో తువ్వాల. గాలి వాటిని మాకంటే బాగా ఊపింది. లాంచీ రానే వచ్చింది. శివకుమార్ దిగి లెక్కపెట్టి, ఒక తల మీద వేలితో కొట్టి చూశాడు. కుండ ఖంగుమంది. పొట్ట పట్టుకుని నవ్వి, మా ముగ్గురినీ ఎక్కించుకున్నాడు.

"గీ ఒక్కసారే. మల్ల మోసపోను" అన్నాడు.

ఇక మా ఊరి ముసలమ్మ ముత్తక్క సంగతి. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. భద్రాచలంలో ఉచిత కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టి, ఆమెకు తేదీ వేసి చీటీ ఇచ్చారు. ఆ తేదీయే క్యాంపుకు ఆఖరి రోజు. ఊరంతా తిరిగి మనుషులను కూడగట్టాను. నాతో కలిపి అచ్చంగా పదిమందిమి పొద్దున్నే రేవుకు చేరాం. బొమ్మలను పీకెయ్యాలన్న తెలివి మాత్రం ఒక్కరికీ రాలేదు.

ముత్తక్క తన పక్కనున్న బొమ్మతో మాట్లాడుతోంది.

"జర జరుగు బిడ్డా, నిలవడనియ్యి." ఇంకోసారి అడిగి నావైపు తిరిగింది. "ఎంత అడిగినా పలుకుతలేడు సారూ. ఆఫీసరేమో!"

లాంచీ కనిపించింది. పదిమందిమీ ఊపాం. బొమ్మలూ ఊపాయి. నడిగోదారి నుంచి శివకుమార్ మమ్మల్ని చూశాడు, నవ్వాడు, చెయ్యెత్తి టాటా చెప్పి సాగిపోయాడు! మా అరుపులు ఇంజన్ చప్పుడులో కలిసిపోయాయి. ముత్తక్క కొంగు ఊపుతూనే ఉంది, లాంచీ వెళ్లిపోయిందని ఆమెకు కనిపించదు కదా. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది నేనే. ఆ పూట నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

సంగతి తెలిసి మర్నాడు తెల్లవారగానే శివకుమార్ ఒక్క తువ్వాల లేకపోయినా వచ్చాడు. అప్పటికి క్యాంపు ఎత్తేశారు.

మరో వారానికి అతనే సర్కారు ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. ఓనర్ల బాధ నిజమో కాదో చూడటానికి ఒక ఆఫీసరు వచ్చాడట. సరిగ్గా లాంచీ మమ్మల్ని వదిలేసి పోయిన రోజే, అవతలి ఒడ్డున జీపు ఆపి, బైనాక్యులర్స్ పెట్టి మా రేవును చూశాడట. ఉత్తరంలో ఇలా ఉంది: "ఒక్క చిన్న రేవులోనే పదిహేడుమంది ప్రయాణికులు వేచి ఉన్నారు. గిరాకీ పుష్కలంగా ఉన్నందున రాయితీ అవసరం కనబడటం లేదు."

ముత్తక్కకు చదివి వినిపించాను.

"బొమ్మలను గూడ మనుషులే అని రాసిండా?"

"అవ్, ముత్తక్కా."

ఆమె రొంటిన ముడి విప్పి, నలిగిపోయిన క్యాంపు చీటీ తీసి నా చేతిలో పెట్టింది.

"పాపం, నాకన్న ఆయనకే ఎక్కువ మసక కమ్మినట్టుంది. ముందుగాల గాయనకు జేపియ్యి సారూ."

చీటీని కొత్త అర్జీకి జత చేసి పంపాను. మళ్లీ క్యాంపు దసరా తర్వాతట. అయ్యగారు తప్పకుండా రావాలి, మా రేవులోనే లాంచీ ఎక్కాలి. వచ్చేటప్పుడు ఒక తువ్వాల, తోడుకు తొమ్మిదిమంది మనుషులను తెచ్చుకుంటే చాలు. బొమ్మలు మాత్రం చెల్లవు.