గద్ద ఈకా, విట్‌లాక్ గారి తొలి విచారణా

మోంటానా రాష్ట్రం, టాల్బట్ ఫాల్స్ పట్టణంలో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా, అంటే కేంద్ర ప్రభుత్వ వకీలుగా, ఇరవై రెండేళ్లు సేవలందించిన ఎల్డన్ విట్‌లాక్ గారు ఒక్క కేసు కూడా ఓడిపోలేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఒక్క కేసు కూడా వాదించలేదన్నది చిన్న వివరం.

వాదించవలసిన అవసరం రాలేదు. వారు ముద్దాయికి ఉత్తరం రాసేవారు. ఉత్తరం మొదటి పేరాలో ఇరవై ఏళ్ల జైలు ఉండేది. రెండో పేరాలో, శుక్రవారం లోగా నేరం ఒప్పుకుని సంతకం చేస్తే ఎనిమిది నెలలే ఉండేవి. మూడో పేరా దాకా చదివినవాళ్లు లేరు. గురువారానికే సంతకాలు వచ్చేసేవి. ఈ విజయ పరంపరకు మెచ్చి న్యాయ కళాశాలవారు ఏటా వారిని పిలిచి, తీర్పు చెప్పే పౌరుల బృందమైన జ్యూరీని మెప్పించడం ఎలా అన్న అంశంపై ఉపన్యాసం ఇప్పించుకునేవారు. వారూ చక్కగా ఇచ్చేవారు.

ఇలా ఉండగా జిల్లా న్యాయమూర్తి పదవికి విట్‌లాక్ గారి పేరు పరిశీలనకు వచ్చింది. అరవై పేజీల దరఖాస్తులో ఏ ప్రశ్నకూ వారు తడుముకోలేదు. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర మాత్రం కలం ఆగింది. ‘జ్యూరీ ముందు మీరు నడిపిన విచారణలెన్ని?’

గుమాస్తా మార్వా, విట్‌లాక్ గారి భుజం మీదుగా తొంగి చూసింది. పంతొమ్మిదేళ్లుగా ఆ ఉత్తరాలన్నీ టైపు చేసిన చేతులవి.

“సున్నా అని రాసెయ్యండి సార్. ఒక్క అంకె, చోటు కూడా కలిసొస్తుంది.”

“వేళాకోళమా? ఎవడో ఒకణ్ణి చూడు మార్వా. నేరం ఒప్పుకోనివాడు ఒక్కడు చాలు.”

వెతకడం మొదలైంది. దొంగ సిగరెట్ల లారీతో దొరికిన ఒకాయన వకీలుకు విట్‌లాక్ గారు స్వయంగా ఫోన్ చేసి, “మా కేసు బలహీనంగా ఉంది, పోరాడితే మీరే గెలవొచ్చు” అని చెప్పారు. ఇందులో ఏదో పెద్ద మెలిక ఉందనుకుని ఆ ముద్దాయి బుధవారమే సంతకం పెట్టేశాడు.

అప్పుడు దొరికింది హెస్టర్ లుండ్. డెబ్బై నాలుగేళ్ల విధవరాలు. చెరువు గట్టున పడిన గద్ద ఈకను టోపీలో గుచ్చుకుని ఊరి ఉత్సవానికి వెళ్లింది. గద్ద అమెరికా జాతీయ పక్షి కాబట్టి దాని ఈక దగ్గర పెట్టుకోవడం నేరం. ఏడాది దాకా జైలు పడొచ్చు. ఒప్పుకుంటే జైలు లేదు, పేరు పక్కన నేరం మాత్రం శాశ్వతంగా ఉంటుంది.

ఆవిడ తన వకీలు గ్రోవర్‌ను వెంటబెట్టుకుని విట్‌లాక్ గారి ఆఫీసుకు వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ఉత్తరం మొత్తం చదివింది. మూడో పేరా కూడా.

“ఈక పెట్టుకున్న మాట నిజమే నాయనా. కానీ ఇక్కడ ‘నేరమని తెలిసే, బుద్ధిపూర్వకంగా’ అని రాశారేంటి?”

“అది మామూలుగా ఉండే వాక్యమేనమ్మా,” అన్నాడు గ్రోవర్, కలం అందిస్తూ.

“మామూలుదైతే మాత్రం? గాలికి వచ్చి కాళ్ల దగ్గర పడింది. అందంగా ఉందని పెట్టుకున్నా. అబద్ధం కింద నా పేరెలా పెట్టను?”

విట్‌లాక్ గారి గుండె సంతోషంతో గంతేసింది. ఆ వెంటనే ఎందుకో నెమ్మదించింది. ఆ వాక్యం వెయ్యిన్నొక్క ఉత్తరాల్లో ఉంది. అది నిజమా అని అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేరు. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చదవకుండానే, మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం చేసిన సంగతి గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం వారు భోజనం సరిగా చేయలేదు.

విచారణ నాడు ప్రభుత్వం తరఫువాళ్లు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో విట్‌లాక్ గారికి తెలియలేదు. గ్రోవర్‌కూ తెలియలేదు. బంట్రోతు ఇద్దరినీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ప్రాసిక్యూటర్ గారు లేచి, జ్యూరీని చూసి, గొంతు సవరించుకుని, “విషయం:” అని మొదలుపెట్టారు. అలవాటు అలాంటిది. తర్వాత పుంజుకున్నారు.

“జ్యూరీ సభ్యులారా! ఈ రోజు ఈక. రేపు రెక్క. ఎల్లుండి మొత్తం పక్షి! ఆ పైన పక్షి వాలిన చెట్టు, చెట్టు నిలిచిన దేశం! ఎక్కడ ఆగుతుంది ఈ అరాచకం?”

మార్వా దగ్గొచ్చినట్టు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత హెస్టర్ తానే కోరి బోనెక్కింది. విట్‌లాక్ గారు ప్రశ్నలు మొదలుపెట్టారు.

“అది గద్ద ఈక అని మీకు తెలుసా?”

“కోడిది కాదని తెలుసు.”

“అది నేరమని తెలుసా?”

“మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది నాయనా. మీకెప్పుడు తెలిసింది?”

సాక్షి ప్రశ్నలడగకూడదని చెప్పవలసిన విట్‌లాక్ గారు, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎదుటి మనిషి కళ్లలోకి చూసి, “కేసు కాగితాలు వచ్చాకే” అన్నారు.

జ్యూరీ లోపలికెళ్లి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చింది. అందులో పదిహేను నిమిషాలు శాండ్‌విచ్‌లకు. నిర్దోషి. హెస్టర్ వచ్చి విట్‌లాక్ గారి చెయ్యి నొక్కి, “బాగానే అరిచావు నాయనా, మొదటిసారికి” అంది. ఓడిపోతే ఇంత తేలిగ్గా ఉంటుందని వారికి ఎవరూ చెప్పలేదు.

దరఖాస్తులో ‘ఒకటి’ అని రాశారు. గెలిచారా అని అడిగే గడి అందులో లేదు. పదవి వచ్చింది.

న్యాయమూర్తి హోదాలో మొదటి రోజే విట్‌లాక్ గారు ఆజ్ఞ జారీ చేశారు. తన కోర్టులో ప్రతి ముద్దాయీ కాగితం మొత్తం పైకి చదివి, నిజమైతేనే సంతకం పెట్టాలి. జనం చదవడం మొదలుపెట్టారు. చదివినవాళ్లలో సగం మంది విచారణ కావాలన్నారు. ఊరు ఊరంతా పొంగిపోయింది. పత్రిక సంపాదకీయం రాసింది. పట్టణ ప్రముఖుల సంఘం విందు చేసి, జ్యూరీ విచారణే ప్రజాస్వామ్యానికి వెన్నెముక అని విట్‌లాక్ గారు ప్రకటించగానే లేచి నిలబడి మూడు నిమిషాలు చప్పట్లు కొట్టింది.

మర్నాడు జ్యూరీలో కూర్చోవడానికి రమ్మని నాలుగు వందల మంది పౌరులకు పిలుపులు వెళ్లాయి. పద్దెనిమిది మంది వచ్చారు. ఊళ్లో లేమని కొందరు, కుక్కకు ఆపరేషన్ అని కొందరు, చేపలు పడే కాలమని నిజాయితీగా కొందరు రాశారు. తక్కిన రెండు వందల మందికీ, చప్పట్లు కొట్టిన ప్రముఖులందరితో సహా, సరిగ్గా ఆ వారమే నడుం పట్టేసింది. ఎవరినీ అనుమానించడానికి లేదు. అందరి దగ్గరా డాక్టరు చీటీ ఉంది.